మా తమ్ముడి డబ్బు ఆదాయం కాదు

ఒంగోలులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. రిటర్నులు వేయడం, టీడీఎస్ (డబ్బు చేతికి రాకముందే కోసే పన్ను) లెక్కలు చూడటం, నోటీసులకు జవాబులు టైపు చేయడం నా పని. పొగాకు వ్యాపారులు, చీమకుర్తి గ్రానైట్ వాళ్లు, రొయ్యల రైతులు, టీచర్లు, అందరి లెక్కలూ నా చేతుల మీదుగానే పోతుంటాయి. ఏది ఆదాయమో, ఏది కాదో రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. అలాంటిది, మా ఇంటి డబ్బు దగ్గర ఏడాదిపాటు చూసుకోలేదు. ఆ బాధ ఇంకా పోలేదు. మాలాంటి ఇంకో కుటుంబానికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఊరు సింగరాయకొండ దాటాక సముద్రం వైపు ఉంటుంది. మా తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. రాత్రిపూట చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతూ ఉండాలి. "ఆ చప్పుడుంటేనే నాకు నిద్ర పడతది అక్కా, ఆగిందంటే లేచి కూర్చుంటా" అనేవాడు. 2021 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆ చప్పుడు ఆగింది. మోటార్ల కోసం, వాటిలో ఉండే రాగి తీగ కోసం వచ్చినవాళ్లు కరెంటు వైర్లు కోసేశారు. వాడు లేచి బ్యాటరీ లైటు తీసుకుని గట్టు మీదికి పోయాడు. ఐదు గంటలకు పక్క చెరువు మనిషి వచ్చి చూసేటప్పటికి ఆ లైటు గట్టు మీద పడి, నీళ్ల వైపు ఇంకా వెలుగుతూనే ఉందట. వాడికి 34 ఏళ్లు. పాపకు ఎనిమిది.

302 సెక్షన్ కింద హత్య కేసు కట్టారు. కొన్నాళ్లు హడావుడి జరిగింది, పాత ఇనుము కొట్ల వాళ్లను పిలిపించారు, ఫోన్ల టవర్ల వివరాలు తీశారు. ఎవరూ దొరకలేదు. ఏడాది దాటాక 'అన్‌డిటెక్టెడ్' అని కేసు మూసేసి మరదలికి నోటీసు పంపారు. ఆ కాగితం తెచ్చిన కానిస్టేబుల్‌ను మా అమ్మ అడిగింది: "అంటే నా బిడ్డను ఎవరూ చంపలేదని రాశారా నాయనా?" ఆయన తల దించుకుని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆయన మాత్రం ఏం చెప్తాడు?

చెరువు యజమాని పెద్దమనుషుల ముందు 3 లక్షలు ఇచ్చాడు. ఇచ్చినందుకు ఆయనకు దండం పెట్టాను. ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా అని అడిగితే ఊళ్లో అందరిదీ ఒకటే మాట. దొంగ దొరకాలి, కోర్టులో శిక్ష పడాలి, అప్పుడు కదా నష్టపరిహారం అని. నేనూ అదే అనుకున్నాను. శిక్ష పడ్డవాడికి వేసే జరిమానాలోంచి బాధితులకు ఇప్పించే పద్ధతి ఒకటి ఉందని తెలుసు. జరిమానా కట్టడానికి ఇక్కడ మనిషే లేడు.

2022 ఎండాకాలంలో ఆఫీసు పని మీద జిల్లా కోర్టుకు వెళ్లినప్పుడు న్యాయ సేవాధికార సంస్థ బోర్డు మీద 'నేర బాధితులకు పరిహారం' అన్న మాట కనపడింది. ఆ ఆవరణలోకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు. ఆ రోజే ఎందుకు చదివానో తెలియదు. లోపలికి వెళ్లి అడిగాను. అక్కడ పారాలీగల్ వాలంటీరుగా ఉన్న ఒకామె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొత్తం విని, "నిందితుడు దొరక్కపోయినా మీకు హక్కుంది అమ్మా" అంది. ఆ మాట మళ్లీ చెప్పమని అడిగాను.

అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఏ అని ఒక సెక్షన్. 2008 సవరణతో వచ్చి, 2009 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. ప్రతి రాష్ట్రం బాధితుల పరిహారానికి ఒక పథకం, దానికో నిధి పెట్టుకోవాలని చెబుతుంది. అందులో నాలుగో ఉపసెక్షన్ మాలాంటివాళ్ల కోసమే రాసినట్టు ఉంటుంది. నేరం చేసినవాడు ఎవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా, బాధితుడు ఎవరో తెలిస్తే చాలు, అతనుగానీ అతని మీద ఆధారపడినవాళ్లుగానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించి ఎంత ఇవ్వాలో తేల్చాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక ఇదే విషయం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్ అయింది. నంబరు మారింది, హక్కు అలాగే ఉంది. దరఖాస్తుకు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాల్సిన పనీ లేదు. 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవల వాళ్లు పలుకుతారు.

దరఖాస్తు రాయడానికి మరదలిని తీసుకుని వెళ్లాను. పేరు, ఊరు, మరణించిన తేదీ, ఎఫ్ఐఆర్ నంబరు అన్నీ నేనే నింపుతున్నాను. 'నిందితుడి పేరు' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. మరదలు కాగితం వైపే చూస్తోంది. వాలంటీరు మెల్లగా "గుర్తు తెలియని వ్యక్తులు అని రాయండి" అంది. రాశాను. నా చేతి రాత బాగుంటుందని ఆఫీసులో అంటారు. ఆ మూడు మాటలు మాత్రం వంకరగా వచ్చాయి.

ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, కేసు మూసేసినట్టు ఇచ్చిన నోటీసు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరదలి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జత చేశాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసమే ఎక్కువ తిరగాల్సి వచ్చింది. పాప పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండటం వల్ల. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పేర్లు ముందే సరి చూసుకోండి.

2023లో 5 లక్షలు మంజూరయ్యాయి. అందులో 2 లక్షలు పాప పేరున మేజరయ్యేదాకా డిపాజిట్, 3 లక్షలు మరదలి పేరున మూడేళ్ల డిపాజిట్. చెరువు యజమాని ఇచ్చిన 3 లక్షలు కూడా అదే బ్యాంకులో మరదలి పేరున వేశాం. అమ్మ ఆ పాస్‌బుక్కును ముట్టుకోలేదు. ఇప్పటికీ దాన్ని 'వాడి డబ్బు' అంటుంది.

ఊళ్లో డబ్బు సంగతి దాగదు. "అంత డబ్బు పడితే ఐటీ వాళ్ల నోటీసు వస్తదంట", "బియ్యం కార్డు తీసేస్తారంట", "వితంతు పింఛను ఆగిపోద్దంట" అని మరదలికి రోజుకొకరు చెప్పారు. మన రాష్ట్రంలో ఆదాయపు పన్ను కట్టే కుటుంబానికి బియ్యం కార్డు ఉండదన్న నిబంధన నిజంగానే ఉంది. అందుకే ఆ భయానికి అంత బలం. ఒక రాత్రి ఫోను చేసి, "ఈ డబ్బు వెనక్కి ఇచ్చేద్దామా వదినా?" అని అడిగింది. నేను ఉలిక్కిపడ్డాను.

మరుసటి రోజు మా ఆఫీసులో సార్‌ను అడిగాను. నాకు తెలియక కాదు, మా ఇంటి విషయం కాబట్టి పెద్దాయన నోటితో వినాలనిపించింది. ఆయన చెప్పింది ఇది: "మనిషి ప్రాణం పోయినందుకు ఇచ్చింది సంపాదన ఎట్టా అవుద్ది? పోయినదాన్ని కొంతైనా పూడ్చడానికి ఇచ్చిన డబ్బది. క్యాపిటల్ రిసీట్. ఆదాయంలో కలపాల్సిన పని లేదు. మీ చెరువు యజమాని ఇచ్చినదీ అంతే. కాకపోతే ఆ ఒప్పంద కాగితంలో 'పరిహారం' అన్న మాట ఉందో లేదో చూసుకో." ఉంది. ఆ రోజు స్టాంపు పేపరు మీద ఆ మాట రాయించిన పెద్దమనిషికి ఎప్పుడో ఒకసారి కృతజ్ఞత చెప్పుకోవాలి.

మన తీరంలో తుపాను పరిహారం అందరికీ తెలుసు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో విపత్తు బాధితులకు ప్రభుత్వం ఇచ్చే పరిహారానికి పన్ను ఉండదని సెక్షన్ 10లో 10బీసీ అనే క్లాజు స్పష్టంగా చెప్పేది. దాని పైనే భోపాల్ గ్యాస్ బాధితుల పరిహారానికి ఇంకో క్లాజు. నేర బాధితుల పరిహారానికి మాత్రం అలా పేరు పెట్టి రాసిన క్లాజు లేదు. సూత్రం ప్రకారం అది ఆదాయం కాదు, అది నిజమే. కానీ సూత్రం మా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలుసు. గట్టు మీద భర్తను పోగొట్టుకున్న మనిషికి ఎవరు చెప్పాలి? ఊరి మాట సూత్రం కంటే ముందు ఆమె ఇంటికి చేరుతుంది.

మరదలికి ధైర్యం చెప్పాను. అసలు మీద పన్ను లేదు, వడ్డీ మీద ఉంటుంది, కానీ నీకు పన్ను కట్టేంత ఆదాయం లేదు, భయపడొద్దు అన్నాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. తప్పు చేసింది అక్కడే.

2024 మార్చి నెలాఖరులో మరదలు పాస్‌బుక్కు ప్రింటు వేయించి, వడ్డీ తక్కువ పడుతోందని చెప్పి ఆఫీసుకు తెచ్చింది. చూస్తే టీడీఎస్ అని గీతలు. కూడితే 10,400 రూపాయలు. మరదలి రెండు డిపాజిట్ల మీద ఏడాదికి 39 వేలు, పాప డిపాజిట్ మీద 13 వేలు, మొత్తం 52 వేల వడ్డీ. పాప మైనరు కాబట్టి దానికీ తల్లి పాన్ నంబరే ఇచ్చారు. అప్పట్లో బ్యాంకు వడ్డీ ఏడాదికి 40 వేలు దాటితే టీడీఎస్ కోయాలి. అది పది శాతమే. ఇక్కడ ఇరవై శాతం పడింది. ఎందుకంటే ఆమె పాన్ పని చేయడం లేదు. ఆధార్‌తో లింకు కాని పాన్‌లు 2023 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. ఆ పాన్ ఆమె పెళ్లికి ముందు చెన్నైలో బట్టల కంపెనీలో పని చేసినప్పుడు తీసుకున్నది, పుట్టింటి ఇంటిపేరుతో. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఊరందరి పాన్‌లూ లింకు చేసి ఇచ్చిన నేను, మా ఇంట్లో మనిషిది చూడలేదు. డిపాజిట్ వేసిన రోజే 15జీ ఫారం (నాకు పన్ను పడేంత ఆదాయం లేదు, టీడీఎస్ కోయొద్దు అని బ్యాంకుకు రాసిచ్చే కాగితం) ఇచ్చినా, పాన్ చెల్లకపోతే ఆ ఫారమూ చెల్లదు.

10,400 రూపాయలంటే మరదలికి చాలా పెద్ద మాట. మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఒక్కో జాకెట్టుకు లైనింగు లేకుండా ఎనభై రూపాయలు తీసుకుంటుంది. నా ముందే లెక్క వేసుకుంది, నూట ముప్పై జాకెట్లు అని.

పాన్‌లో ఇంటిపేరు మార్పించి, 1,000 రూపాయల ఫీజు కట్టి లింకు చేశాం. ఇక రిటర్ను వేస్తే కోసిన డబ్బు వెనక్కి వస్తుంది. అక్కడ మళ్లీ భయం. "ఐటీ కాగితం వేస్తే పన్ను కట్టేవాళ్ల కింద రాసుకోరా వదినా? కార్డు పోతే అత్తమ్మ మందులెట్టా?" రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు అని చెప్పాను. కోసిన పన్ను వెనక్కి తెచ్చుకోకుండా వదిలేస్తేనే అది కట్టినట్టు మిగిలిపోతుందని చెప్పాక ఒప్పుకుంది.

ఆ రిటర్ను వేసేటప్పుడు నాకు చాలా బాధ కలిగించిన విషయం ఒకటుంది. మైనరు పిల్లల పేరున వచ్చే వడ్డీని తల్లిదండ్రుల ఆదాయంలో కలపాలి, అప్పటి చట్టంలో 64(1ఏ) సెక్షన్. పాత పన్ను విధానం ఎంచుకుంటే ఒక్కో పిల్లకు ఏడాదికి 1,500 రూపాయలు మినహాయింపు, అంతే. పన్ను తప్పించుకోవడానికి డబ్బున్నవాళ్లు పిల్లల పేరున డిపాజిట్లు వేస్తారని పెట్టిన నిబంధన అది. ఆ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ మా పాప డబ్బు వాళ్ల నాన్న దాచి పెట్టింది కాదు. ఆయన చనిపోయినందుకు వచ్చింది. డిపాజిట్ వేయమని చెప్పిందీ ఉత్తర్వే. స్త్రీలపై నేరాల బాధితుల కోసం 2018 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకంలో కూడా ఇలాగే ఉంటుంది. మొత్తంలో 75 శాతం కనీసం మూడేళ్లు డిపాజిట్‌లో ఉంచాలి, మైనరైతే 80 శాతం మేజరయ్యేదాకా. ఆ డబ్బు ఎవరూ లాక్కోకుండా, ఒకేసారి ఖర్చయిపోకుండా ఉండాలని పెట్టిన మంచి నిబంధన అది. అయితే ఉత్తర్వు ప్రకారం కదలకుండా పెట్టిన డబ్బు మీద వడ్డీని మామూలు వడ్డీలాగే చూసి కోత వేయడం న్యాయమని నాకు అనిపించదు. మరదలికి పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి సరిపోయింది. అదే ఒక టీచరమ్మ భర్త పోతే, ఆ బిడ్డ డిపాజిట్ మీద వడ్డీ తల్లి జీతంలో కలిసి నిజంగానే పన్ను పడుతుంది.

పరిహారం ఉత్తర్వు చివర ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుంటుంది: 'ఈ మొత్తం ఆదాయం కాదు, దీని మీద వచ్చే వడ్డీకి పాన్, టీడీఎస్ కోయొద్దనే ఫారం బ్యాంకులో ఇవ్వండి.' తెలుగులో, పెద్ద అక్షరాల్లో. చట్టం మార్చడానికి ఏళ్లు పడుతుంది, పార్లమెంటు కావాలి. ఈ వాక్యానికి ఒక నిర్ణయం చాలు.

రిటర్ను జూలైలో ఒక ఆదివారం మా ఇంట్లోనే వేశాను. చివర్లో ఆధార్‌కు వచ్చే ఓటీపీ కావాలి. మరదలి ఫోను పాప చేతిలో ఉంది. ఒక్కో అంకే గట్టిగా చదివింది, నేను కొట్టాను. "అత్తా, ఇది నాన్న డబ్బుకేనా?" అని అడిగింది. అవునన్నాను. "నాన్నకు కూడా ట్యాక్స్ ఉంటదా?" అంది. లేదమ్మా, నాన్న డబ్బుకు ఉండదు అన్నాను. వంటగదిలో మరదలి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆగస్టులో 10,400 వెనక్కి పడ్డాయి. వాటిలోంచి పాపకు సైకిలు కొన్నారు.

2025 ఏప్రిల్ 1 నుంచి టీడీఎస్ పరిమితి 50 వేలకు పెరిగింది. మాది 52 వేలు కాబట్టి ఆ ఏడాదీ 15జీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఫారం ప్రతి ఏప్రిల్‌లో కొత్తగా ఇవ్వాలి. ఒకసారి ఇస్తే చాలనుకుని చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఈసారి ఫారం నేను నింపలేదు. మరదలే బ్యాంకులో కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో గడీ చదువుకుంటూ రాసింది. నేను పక్కన నిలబడ్డాను. ఈ ఏడాది రాబోయే ఆదాయం ఎంత అన్న గడి దగ్గర ఆగి తల ఎత్తింది.

"వదినా, ఇందులో ఆయన డబ్బు కూడా రాయాలా, వడ్డీ వరకేనా?"

"వడ్డీ వరకే."

రాసి, సంతకం పెట్టి, రసీదు అడిగి తీసుకుంది.